ఇంటి ముందు ఆగిన బండికి కరెంటు ఇచ్చేటప్పుడు
(కోరుకొండలో జరిగిన సభ్యుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)

డి.ఎ. బకాయిల గురించి ఏదైనా చెబుతానేమోనని వచ్చిన మిత్రులు కాస్త ఓపిక పట్టాలి. కరెంటు డిపార్టుమెంటులో పనిచేసి రిటైరైన వాణ్ణి గనుక, నాకు తెలిసిన నాలుగు ముక్కలు చెప్పమని కార్యదర్శి గారు అడిగారు.

ఈమధ్య మన వీధుల్లో కొత్త రకం బండ్లు ఆగుతున్నాయి. లోపలే మంచం, ఫ్రిజ్, స్నానాల గది, ఎ.సి. అన్నీ ఉంటాయి. సినిమా వాళ్ళు కారవాన్ అంటారు. అమెరికాలో ఉన్న మన పిల్లలు ఆర్.వి. అంటారు. ఇల్లులాంటి బండి అనగానే మన వయసు వాళ్ళకు 1982 నాటి చైతన్య రథం గుర్తొస్తుంది. ఇప్పుడు ఇలాంటివి అద్దెకే దొరుకుతున్నాయి. ఫాల్గుణ శుద్ధ ఏకాదశికి మన లక్ష్మీనరసింహ స్వామి కల్యాణానికి చుట్టాలు వాటిలో దిగితే ఆశ్చర్యం లేదు. 2015 జూలైలో గోదావరి పుష్కరాలు జరిగాయి గదా, పన్నెండేళ్ళ లెక్కన మళ్ళీ 2027లో వస్తాయి. రాజమండ్రిలో గది దొరకని వాళ్ళు మన వాకిట్లో బండి ఆపి, "బాబాయి గారూ, ఒక వైరు లాక్కుంటామండీ, రాత్రికి ఎ.సి. వేసుకుంటాం" అంటారు. మన గోదావరి వాళ్ళం కాదనలేం. కాదనమని నేనూ చెప్పను. ఎలా ఇవ్వాలో చెబుతాను.

ముందుగా ఒక సంగతి. ఇల్లు నేల మీద ఉంటుంది, బండి రబ్బరు టైర్ల మీద ఉంటుంది. బండిలో ఎక్కడో వైరు ఒరుసుకుపోయి ఫేజు రేకుకు తగిలిందనుకోండి. టైర్లు అడ్డం గనుక ఆ కరెంటు నేలలోకి సరిగా పోలేదు. బండి మొత్తం 230 వోల్టుల మీద కూర్చుంటుంది. లోపల పడుకున్న వాళ్ళకు ఏమీ తెలియదు, లైటు వెలుగుతుంది, ఎ.సి. తిరుగుతుంది. తెల్లవారుజామున మన ఇంటి ఆడపడుచు వట్టి కాళ్ళతో కళ్ళాపి చల్లుతూ తలుపు పిడి పట్టుకుంటుంది. అప్పుడు తెలుస్తుంది. రబ్బరు టైర్లున్నాయి, భయం లేదని కొందరంటారు. లోపల ఉన్న వాళ్ళ సంగతి సరే, తడి నేల మీద నిలబడి బండిని ముట్టుకునే మనిషికి మాత్రం ప్రమాదమంతా ఆ టైర్ల వల్లనే.

ఇక్కడ మన వాళ్ళు రెండు మాటలంటారు. "ఎం.సి.బి. ఉంది గదండీ, పడిపోతుంది" అనేది మొదటిది. ఎం.సి.బి. వైరును కాపాడుతుంది, మనిషిని కాదు. పవర్ ప్లగ్గుకు వేసే ఎం.సి.బి. 16 ఆంపియర్లది. దేవుడి గదిలో వెలిగే పాత జీరో బల్బు 15 వాట్లు అనుకుంటే, అది తీసుకునేది సుమారు 65 మిల్లీ ఆంపియర్లు. ఆ పాటి కరెంటు ఛాతీ మీదుగా ఒకటి రెండు సెకండ్లు పోయినా గుండె లయ తప్పవచ్చు. 16 ఆంపియర్లంటే 16,000 మిల్లీ ఆంపియర్లు!

రెండో మాట, "ఎర్తు ఉంది గదండీ" అని. ఉంది, నిజమే. ఇల్లు కట్టినప్పుడు ఉప్పు, బొగ్గు వేసి పైపు పాతారు. తర్వాత ఎన్నేళ్ళకు నీళ్ళు పోశారు? ఎండిపోయిన ఎర్తు గుంట నిరోధం 20 ఓములు ఉందనుకోండి. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. దాన్ని మామూలు లోడే అనుకుని కదలదు. ఎర్తు ఉండి, ఎం.సి.బి. ఉండి కూడా బండి రేకులో కరెంటు అలాగే ఉంటుంది. నేను సర్వీసులో ఉండగా చూసిన కేసుల్లో ఇదే ఎక్కువ.

అందుకే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. కావాలి. ఫేజులో వెళ్ళిన కరెంటు న్యూట్రల్లో తిరిగి వచ్చిందా లేదా అని అది లెక్క చూస్తుంది. 30 మిల్లీ ఆంపియర్లు దారి తప్పితే చాలు, రెప్పపాటులో లైను కట్ చేస్తుంది. ఎర్తు బాగుంటే ఎవరూ ముట్టుకోకముందే పడిపోతుంది. ఎర్తు లేకపోతే మనిషి ముట్టుకున్నాకే పడుతుంది. కనుక రెండూ ఉండాలి. దాని మీద టెస్ట్ బటన్ ఉంటుంది, నొక్కితే పడాలి. పడకపోతే అది గోడకు అలంకారమే. అలాగే అది ఓవర్‌లోడుకు పడదు, ఎం.సి.బి. కూడా ఉండాల్సిందే.

త్రీపిన్ ప్లగ్గులో పెద్ద పిన్ను విరగ్గొట్టి టూపిన్ సాకెట్టులో దూర్చే వీరులు మన ఊళ్ళో ఉన్నారు. వాళ్ళను బండి దగ్గరికి రానీయకండి. ఎర్తు లేదని న్యూట్రల్నే ఎర్తు పిన్నుకు కలిపేవాళ్ళు ఇంకా ప్రమాదం. దారిలో న్యూట్రల్ తెగితే బండంతా ఫేజే.

లోడు లెక్క చూద్దాం. అమెరికాలో ఈ బండ్లు ఆగే చోట కరెంటు స్తంభం ఉంటుంది. అక్కడ 120 వోల్టులు, 30 ఆంపియర్లు, అంటే 3,600 వాట్లు. మన పవర్ ప్లగ్గు 230 వోల్టులు, 16 ఆంపియర్లు, 3,680 వాట్లు. ఇంచుమించు ఒకటే. కానీ ఇన్‌స్టంట్ గీజరు ఒక్కటే 3,000 వాట్లు, ఎ.సి. మరో 1,200. రెండూ కలిస్తే 18 ఆంపియర్లు దాటుతుంది. ఒకటి ఆపి ఒకటి వేసుకోమనండి. ఫోను చార్జింగు పెట్టుకునే 6 ఆంపియర్ల సాకెట్టు నుంచి అసలు ఇవ్వవద్దు. వైరు రాగిది, రెండున్నర చదరపు మిల్లీమీటర్లది, మూడు కోర్లది, పైన మందపాటి తొడుగు ఉన్నది కావాలి. చుట్ట ఉంటే పూర్తిగా విప్పి పరచాలి, చుట్టగా ఉంచితే లోపలే వేడెక్కి కరుగుతుంది. మధ్యలో టేపు చుట్టిన జాయింటు వద్దు. పుష్కరాలు వచ్చేది వానల్లో.

ఇంకొకటి, మా లైన్‌మన్ల తరఫున అడుగుతున్నాను. కరెంటు పోయినప్పుడు బండిలోని జనరేటరు నుంచి ఇంట్లోకి కరెంటు ఇద్దామని రెండు కొసలా ప్లగ్గున్న వైరు వాడకండి. ఆ కరెంటు మీటరు దాటి ట్రాన్స్‌ఫార్మరులోకి ఎదురెక్కితే అవతల 11,000 వోల్టులవుతుంది. లైను చచ్చిందనుకుని స్తంభం ఎక్కిన వాడి ఇంట్లో పిల్లలుంటారు. జనరేటరు పొగ కూడా విషమే, బండి కిటికీ కింద పెట్టి నిద్రపోవద్దు.

కలిపేటప్పుడు ముందు బండి వైపు, తర్వాత ఇంటి వైపు, ఆఖరున స్విచ్చి. తీసేటప్పుడు స్విచ్చితో మొదలుపెట్టి వెనక్కి రావాలి. కలిపాక రంగు లేని చోట రేకుకు టెస్టరు పెట్టి చూడండి. వెలిగితే బండిని ముట్టుకోకుండా ఇంటి మెయిన్ ఆపండి. లోపల ఉన్న వాళ్ళను అది ఆపేదాకా దిగవద్దని కేకేయండి. ఒక కాలు మెట్టు మీద, ఒక కాలు నేల మీద పెట్టిన క్షణమే గండం.

సంచిలో ఒక ఆర్.సి.సి.బి., టెస్టరు తెచ్చాను. టీ అయ్యాక ఆ కిటికీ పక్క బల్ల దగ్గరుంటాను, చూడదలచిన వారు రావచ్చు.