నలుపూ తెలుపూ, మధ్యలో బూడిద

పోయిన నెల ఇదే కార్యక్రమంలో పాత ఫొటోలని స్కాన్ చేసి దాచుకోవడం గురించి నాలుగు మాటలు చెప్పాను. ఆ తర్వాత ఇద్దరు ముగ్గురు ఫోన్ చేసి, "స్కానింగు బాగానే ఉందండీ, ప్రింటు తీస్తే మా తాతగారు ఆకుపచ్చగా వస్తున్నారు, ఏం చెయ్యాలి?" అని అడిగారు. నవ్వొచ్చింది. ఎందుకంటే మా అమ్మమ్మ కూడా అలాగే వచ్చింది. ఇవాళ ఆ కథే చెబుతాను. దాంట్లోనే ఇంకుల సంగతి, సాఫ్ట్‌వేర్ సంగతి కూడా వచ్చేస్తాయి.

మా అమ్మకి తొమ్మిదేళ్ళప్పుడు వాళ్ళమ్మ పోయింది. ఆవిడది విడి ఫొటో ఒక్కటీ లేదు. ఎవరిదో పెళ్ళిలో పదిహేనుమందితో కలిసి తీయించుకున్న ఫొటో ఒకటే మిగిలింది. అందులో ఆవిడ ముఖం అరంగుళం ఉంటుంది. తెనాలి నుంచి మా అన్నయ్య, ఇటు వస్తున్నవాళ్ళ చేత ఆ ఫొటో పంపించి, "అమ్మకి కళ్ళు సరిగ్గా ఆనడం లేదురా, కాస్త పెద్దది చేసి పంపు" అన్నాడు. అమ్మకి ఎనభై దాటాయి. ఆలస్యం చేసే పని కాదు.

మొదట నేను చేసిన తప్పు చెబుతాను. ఫోన్లో ఒక యాప్ ఉంది, పాత ఫొటో ఇస్తే నిమిషంలో కొత్తదానిలా చేసి ఇస్తుంది. చూడగానే నాకే ముచ్చటేసింది. కళ్ళల్లో మెరుపు, నున్నటి బుగ్గలు, వెంట్రుక వెంట్రుకా కనిపిస్తోంది. వెంటనే అమ్మకి వీడియోలో చూపించాను. అమ్మ చాలాసేపు చూసి, "ఎవర్రా ఈవిడ?" అంది. నాకు నోట మాట రాలేదు. మా అమ్మమ్మకి చిన్నప్పుడు అమ్మవారు పోసిందిట. బుగ్గల నిండా స్ఫోటకం గుంటలు. "పడుకున్నప్పుడు ఆ గుంటలు వేలితో తడుముతూ నిద్రపోయేదాన్ని రా. అవి ఏవీ?" అంది.

ఆ యాప్ వాటిని మచ్చలనుకుని తుడిచేసింది. తుడవడమే కాదు, అరంగుళం ముఖంలో లేని వివరాలని తన ఊహలోంచి తెచ్చి పెట్టింది. ఇలాంటివి వాడొద్దని అనను గానీ, మనిషిని గుర్తుపట్టాల్సిన ఫొటోకి మాత్రం వాడకండి.

మళ్ళీ మొదటికొచ్చాను. ఫొటో నలుపు తెలుపే అయినా స్కాన్ మాత్రం కలర్‌లో, 16 బిట్‌లో చెయ్యండి. పాత ఫొటో పసుపెక్కి ఉంటుంది. కలర్‌లో స్కాన్ చేస్తే ఎరుపు, ఆకుపచ్చ, నీలం అని మూడు చానెళ్ళు వస్తాయి. పసుపు మరకలు నీలం చానెల్లో నల్లగా కనిపిస్తాయి, ఎరుపు చానెల్లో దాదాపు మాయమైపోతాయి. ఆ ఎరుపు చానెల్ ఒక్కటీ ఉంచుకుంటే సగం పని అయినట్టే. ఫొటోషాప్‌లోనూ చెయ్యొచ్చు, డబ్బులు పెట్టక్కర్లేని గింప్‌లోనూ చెయ్యొచ్చు. 2018లో వచ్చిన 2.10 నుంచీ గింప్ కూడా 8 బిట్లు దాటి పనిచేస్తోంది. 8 బిట్లంటే నలుపు నుంచి తెలుపు దాకా 256 మెట్లే. వెలిసిపోయిన ఫొటోని సాగదీసినప్పుడు ఆ మెట్లు చాలక బుగ్గ మీద చారలు పడతాయి.

ఇక పెద్దది చెయ్యడం గురించి. కాగితం మీది ఫొటోని అంగుళానికి 600 చుక్కలు దాటి స్కాన్ చేస్తే మామూలుగా కాగితం పోగులే పెద్దవవుతాయి, మనిషి కాదు. అరంగుళం ముఖానికి 300 చుక్కలు. దాన్ని మూడంగుళాలు చేస్తే అంగుళానికి 100, మసకే. ఒకటిన్నర అంగుళానికి ఆపితే అంగుళానికి 200 వస్తాయి. అన్నయ్య గోడకి పట్టేంత అడిగాడు. నేను ఒకటిన్నర దగ్గరే ఆగాను.

ఇప్పుడు ఆకుపచ్చ సంగతి. మా ఇంట్లో పిల్లల హోంవర్కు కోసం కొన్న నాలుగు రంగుల ప్రింటరు ఉంది. దాంట్లో తీశాను. రాత్రి దీపం కింద చూస్తే బ్రహ్మాండంగా ఉంది. మర్నాడు పొద్దున కిటికీ దగ్గర చూస్తే అమ్మమ్మ ముఖం ఆకుపచ్చగా ఉంది! మా ఆవిడ చూసి, "ఇదేమిటండీ, ఆవిడకి కామెర్లు వచ్చినట్టుంది" అంది. ఇలాంటి ప్రింటరుకి బూడిదరంగు ఇంకు ఉండదు. మూడు రంగులూ కలిపి బూడిదరంగు అని మనల్ని నమ్మిస్తుంది. ఆ మూడు రంగులూ ఒక్కో వెలుతురుకి ఒక్కోలా స్పందిస్తాయి, దాంతో ఆ కలయిక చెడుతుంది. పోనీ రంగులు మానేసి నల్ల ఇంకు ఒక్కటే వాడమని చెబితే, తెల్లటి చోట్ల చుక్కలు చుక్కలుగా ఇసక చల్లినట్టు ఉంటుంది.

మాయాబజార్ చూడని తెలుగువాళ్ళుండరు కదా. 1957లో మార్కస్ బార్ట్‌లీ గారు తీసిన ఆ వెన్నెలంతా నలుపులోనూ లేదు, తెలుపులోనూ లేదు, మధ్యనున్న బూడిదరంగుల్లోనే ఉంది. ప్రింటులోనూ అంతే. అందుకని బూడిదరంగు ఇంకులు విడిగా ఉన్న ప్రింటరు కావాలి. ఎప్సన్ వాళ్ళు 2005లో ఆర్2400 మోడల్‌తో కె3 ఇంకులని తెచ్చారు. నలుపు, లేత నలుపు, మరీ లేత నలుపు అని మూడు. అడ్వాన్స్‌డ్ బ్లాక్ అండ్ వైట్ అనే పద్ధతి కూడా డ్రైవర్‌లో అప్పుడే వచ్చింది. అందులో బూడిదరంగు ఇంకులే ఎక్కువ పని చేస్తాయి, రంగు ఇంకులు వాసన చూపించినంతే పడతాయి. కానన్ ప్రో-1000లో కూడా రెండు బూడిదరంగులున్నాయి. ఇలాంటివి కొనాలంటే ఖరీదే. నేను కొనలేదు. మా ఊళ్ళో ఫొటోగ్రఫీ పిచ్చి ఉన్న స్నేహితుడింట్లో ఉంటే, కాగితం నేను పట్టుకెళ్ళి ఆయన దగ్గర తీసుకున్నాను. ఏడాదికి నాలుగు ఫొటోలు తీసేవాళ్ళకి అదే మంచిదని నా ఉద్దేశం. ఎందుకంటే ఇవి పిగ్మెంట్ ఇంకులు. వాడకుండా వదిలేస్తే, అందులోనూ చలికాలం హీటరు గాలికి, నాజిల్స్‌లో ఎండి గడ్డకడతాయి. వారానికో పేజీ అయినా తీస్తూ ఉండాలి.

ఇంకు రెండు రకాలు. డై ఇంకు నీళ్ళలో కరిగిన రంగు. నిగనిగలాడుతుంది గానీ వెలుతురుకీ, గాలిలో ఉండే ఓజోనుకీ త్వరగా వెలుస్తుంది. పిగ్మెంటు కరగని పొడి. అందులో నలుపు ప్రధానంగా కార్బన్. అంటే మన కాటుక, దీపపు మసి! మన పెద్దలు తాటాకు మీద గంటంతో గీసి రుద్దింది కూడా మసే. గాజు వెనక పెడితే నూరేళ్ళ పైచిలుకు ఉంటాయని హెన్రీ విల్‌హెల్మ్ లాంటివాళ్ళు పరీక్షలు చేసి అంచనాలు వేశారు. ఆ నూరేళ్ళూ ఎవరూ నిలబడి చూడలేదనుకోండి. తాటాకులు మాత్రం మన కళ్ళ ముందే ఉన్నాయి.

సాఫ్ట్‌వేర్‌లో ఒక్క జాగ్రత్త. రంగుల నిర్వహణ ప్రింటరుకైనా అప్పజెప్పండి, ఫొటోషాప్‌కైనా అప్పజెప్పండి, ఇద్దరికీ కాదు. ఇద్దరూ చేతులు పెడితే రంగు తేలుతుంది. నా స్నేహితుడు క్వాడ్‌టోన్ రిప్ వాడతాడు. రాయ్ హారింగ్టన్ అనే ఆయన రాసింది, షేర్‌వేర్, ముఖ్యంగా ఎప్సన్‌లకి. ఏ ఇంకు ఎంత పడాలో అది మన చేతికిస్తుంది. కొంచెం వెచ్చగా కావాలా, చల్లగా కావాలా అని మనమే కలుపుకోవచ్చు. ఇంకా ముందుకు వెళితే జాన్ కోన్ గారి పీజోగ్రఫీ ఉంది. రంగులన్నీ తీసేసి బూడిదరంగులే నింపుతారు. ఆ ప్రింటరు మళ్ళీ కలర్ తియ్యదు. అది పిచ్చి ముదిరినవాళ్ళకి. మనకి డ్రైవర్‌లో ఉన్న పద్ధతి చాలు. స్క్రీను వెలుగు మాత్రం తగ్గించుకోండి, లేకపోతే ప్రింటు చీకటిగా వచ్చిందని కంగారు పడతారు.

కాగితం నూలుతో చేసిన మ్యాట్ తీసుకున్నాను. గ్లాసీలో నలుపు ఇంకా చిక్కగా వస్తుంది, కానీ ఆ తళతళ అమ్మ కళ్ళకి గుచ్చుకుంటుంది. మ్యాట్‌కి నల్ల ఇంకు కూడా వేరే. పాత మోడళ్ళలో ఆ ఇంకు మార్చడానికే బోలెడంత వృథా అయ్యేది. 2020లో వచ్చిన పి900 లాంటివాటిలో ఆ బెడద లేదు.

ఏ ముస్తాబూ చెయ్యలేదు, గీతలు మాత్రం తుడిచాను. గుంటలు గుంటల్లాగే వచ్చాయి. ఒక రోజంతా ఆరనిచ్చి పంపించాను. అన్నయ్య వీడియోలో చూపించాడు. అమ్మ వీధరుగు మీద ఎండలో కూర్చుని ఫొటో ఒళ్ళో పెట్టుకుంది. చూపుడువేలితో బుగ్గ మీద రాస్తోంది. "అమ్మా, రాయకే, మ్యాట్ కాగితం, ఇంకు చెరిగిపోతుంది" అని నేను ఇక్కణ్ణుంచి అరుస్తున్నాను. నిజంగానే బుగ్గ దగ్గర కాస్త తెల్లబడింది. గాజు పెట్టించి ఇంకోటి పంపిస్తానన్నాను.

"పంపు. గాజుది గోడకి పెట్టిద్దాం. ఇది మాత్రం నా దగ్గరే ఉండనీ" అంది.