క్లౌడు సత్రములో జావా

(పాఠశాల వార్షికోత్సవమున తల్లిదండ్రుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మన పట్టాభిరామ్‌లో 21 అంతస్తుల టైడెల్ పార్కు భవనము 2024వ సంవత్సరము నవంబరు 22వ తేదీన ప్రారంభమైనది. 330 కోట్ల రూపాయల వ్యయముతో, 5.57 లక్షల చదరపు అడుగుల విస్తీర్ణముతో నిర్మింపబడిన ఆ సౌధమును చూచినది మొదలు తల్లిదండ్రులు రెండు ప్రశ్నలు మాటిమాటికి అడుగుచున్నారు. అట్టి కార్యాలయములలో కూర్చుండి చేయు పని యేమి? తెలుగు చదువుకొన్న బిడ్డకు ఆ పనిలో చోటుండునా? ఆ పనులలో ఒకదానిని, అనగా జావా భాషలో వెబ్ అనువర్తనమును వ్రాసి క్లౌడు వేదికపై నిలుపు పనిని, అందలి చిక్కులతో సహా నేడు వివరించెదము. రెండవ ప్రశ్నకు సమాధానము కూడ అందులోనే దొరకునని మా నమ్మకము.

జావా యనునది కంప్యూటరునకు ఆజ్ఞలు వ్రాయు భాష. అమెరికాలోని సన్ మైక్రోసిస్టమ్స్ సంస్థలో జేమ్స్ గోస్లింగ్ మొదలగువారు దీనిని రూపొందింపగా 1995లో లోకమునకు వెల్లడియైనది. ఒక్కమారు వ్రాసిన ప్రోగ్రాము ఏ కంప్యూటరు మీదనైనను నడువవలెనన్నది దీని ప్రతిజ్ఞ. అది యెట్లు సాధ్యమనిన, ప్రోగ్రామునకును కంప్యూటరునకును నడుమ ఒక దుభాషి యుండును. పూర్వము చెన్నపట్టణమున దొరలకును వర్తకులకును నడుమ దుభాషీలుండెడివారు గదా, అట్లే. జావా వర్చువల్ మెషీన్ అనునది ఆ దుభాషి పేరు. ఈ యేర్పాటువలననే బ్యాంకులును పెద్ద సంస్థలును ఈ భాషను విరివిగా వాడుచున్నవి.

ఇక క్లౌడు మాట. ఆ పేరునకు మేఘమని యర్థమైనను, అది ఆకాశమున లేదు. వేలకొలది కంప్యూటర్లను ఒకచోట చేర్చి, వానిని అడిగినవారికి అడిగినంతసేపు అద్దెకిచ్చు ఏర్పాటే క్లౌడు. మైక్రోసాఫ్టు సంస్థ 2015లో చెన్నైలోను, అమెజాన్ సంస్థ 2022లో హైదరాబాదులోను ఇట్టి కేంద్రములను నెలకొల్పినవి. సొంత కంప్యూటరు సొంత యిల్లు వంటిది. క్లౌడు అద్దె యిల్లు కూడ కాదు, అది సత్రము. ఈ దినము ఒక గది యిత్తురు, రేపు మరియొక గదికి మార్తురు. గదిలో మరచిన మూటకు ఎవరును పూచీ పడరు. సొంత యింట పెరిగిన జావా ప్రోగ్రామునకు సత్రపు నడవడిని నేర్పుటయే మా వృత్తిలోని కష్టము.

ఆ సత్రపు కట్టుబాట్లు మొదట మిక్కిలి కఠినముగా నుండెడివి. గూగుల్ సంస్థ 2008లో యాప్ ఇంజన్ అను వేదికను తెరచి, 2009లో జావాకు అందు ప్రవేశమిచ్చినది. ప్రోగ్రాము తన గదిలో ఒక ఫైలునైనను వ్రాసికొనరాదు. ఒకే సమయమున పలు పనులు సాగించుటకు సొంతముగా త్రెడ్లను పుట్టింపరాదు. అడిగిన ప్రశ్నకు 30 సెకండ్లలో బదులు చెప్పవలెను. జావాలోని కొన్ని భాగములను మాత్రమే వాడవలెను. 2017లో జావా 8 ఆ వేదికకు వచ్చినపుడు ఈ నిబంధనలలో పెక్కు సడలినవి. నిబంధనలు సడలినను సత్రము సత్రమే.

మాటలు గాలిలో పోకుండ ఒక ఉదాహరణ తీసికొందము. మనవంటి పాఠశాలకు ఒక వెబ్ అనువర్తనము కావలెననుకొనుడు. అందు బిడ్డ పేరు, పుట్టిన తేదీ, ఫొటో, మార్కులు ఉండవలెను. తల్లిదండ్రులు సెల్‌ఫోనులో చూచుకొనవలెను. ఇది చిన్న పనివలె కనబడును. ఇందు ఎన్ని చిక్కులున్నవో చూడుడు.

మొదటి చిక్కు గది కొలత. మనకు 512 మెగాబైట్ల జ్ఞాపకశక్తి గల గదిని అద్దెకిచ్చినారనుకొందము. జావా దుభాషి ఆనవాయితీగా యంత్రపు జ్ఞాపకశక్తిలో నాలుగవ వంతు వరకు తన నిలువలకు వాడుకొనును. పూర్వపు జావా తనకిచ్చిన గదిని గాక భవనమునంతటిని కొలిచెడిది. భవనమునకు 64 గిగాబైట్లున్నచో 16 గిగాబైట్లు తనవేయని తలచి వ్యాపించెడిది. గది హద్దు దాటగానే కాపలాదారు దానిని వెడలగొట్టెడివాడు. 2018 మార్చిలో వచ్చిన జావా 10 నుండి అది గది గోడలను చూడనేర్చినది. నేటికిని లెక్క వేసికొనక తప్పదు. నిలువలు గాక ఒక్కొక్క త్రెడ్డు 1 మెగాబైటు వరకు వేరుగా కోరును.

రెండవ చిక్కు మూటల భద్రత. బిడ్డల ఫొటోలను ప్రోగ్రాము తన గదిలోనే దాచుకొనెననుకొనుడు. హెరోకు అను వేదికపై గదులు దినమున కొకమారైనను మారును, ఫొటోలన్నియు మాయమగును. కావున ఫొటోలను వేరుగా నుండు శాశ్వత భాండాగారమునకు పంపవలెను. ఎవరు లాగిన్ అయిరో ఆ జ్ఞాపకమును కూడ గదిలో ఉంచరాదు. తల్లి మొదటి ప్రశ్నను ఒక గదియు, రెండవ ప్రశ్నను వేరొక గదియు అందుకొనవచ్చును. రెండవ గది ఆమెను ఎరుగదు. మరల పాస్‌వర్డ్ అడుగును. అన్ని గదులకు ఉమ్మడియైన చోట ఆ జ్ఞాపకమును వ్రాసి యుంచవలెను.

మూడవ చిక్కు పరీక్షా ఫలితముల దినము. ఏడాది పొడుగున నలుగురైదుగురు చూచు పుటను ఆ దినమున అందరు ఒక్కమారే తెరతురు. క్లౌడు వెంటనే ప్రోగ్రామునకు పది ప్రతులు తీయగలదు. ఇది దాని గొప్ప. కాని జావా దుభాషి నిద్ర లేచి, తన సామగ్రి సర్దుకొనుటకు కొన్ని సెకండ్లు పట్టును. అంతలో వచ్చినవారు గడపలో నిలువవలెను. అంతకన్న ప్రమాదము లోపల నున్నది. జావాలో విరివిగా వాడు హికారి అను సాధనము ఒక్కొక్క ప్రతికి, వేరుగా చెప్పనిచో, సమాచార నిలయముతో పది దారుల వరకు తెరచును. పది ప్రతులకు నూరు దారులు. పోస్ట్‌గ్రెస్ అను సమాచార నిలయము, వేరుగా చెప్పనిచో, అనుమతించునవి నూరే. అంతటితో తలుపు మూతపడును. వాకిలి వెడల్పు చేసినంతమాత్రమున వంటయిల్లు పెద్దదగునా?

నాలుగవ చిక్కు కాలము. క్లౌడు యంత్రములు సామాన్యముగా ప్రపంచ ప్రమాణ కాలమును పాటించును. మన గడియారము దానికన్న 5 గంటల 30 నిమిషములు ముందు. ఉదయము 10 గంటలకు ఫలితములు వెల్లడి చేయుమని వ్రాసి, ఏ దేశపు 10 గంటలో చెప్పనిచో, అవి మధ్యాహ్నము 3:30కి వెలువడును. ఇది ఓర్చుకొనదగినదే. ఓర్వరానిది మరియొకటి కలదు. జూన్ 10వ తేదీన పుట్టిన బిడ్డ జన్మదినమును ఆ తేదీ అర్ధరాత్రి 12 గంటలుగా వ్రాసికొనినచో, ప్రమాణ కాలమున అది జూన్ 9వ తేదీ సాయంకాలము 6:30 అగును. ధ్రువపత్రమున పుట్టినతేదీ ఒక దినము వెనుకకు జరుగును. దీనికి విరుగుడుగా గంటలతో పని లేక తేదీని మాత్రమే దాచు లోకల్ డేట్ అను రకము 2014లో జావా 8తో వచ్చినది. కాని దానిని ఎన్నుకొనవలెనని వ్రాయువానికి తోచవలెను.

అయిదవ చిక్కు అక్షరము. తల్లిదండ్రులు దీనిని శ్రద్ధగా వినవలెనని మా ప్రార్థన. లక్ష్మి యను పేరు మన కంటికి రెండక్షరములు. యూనికోడ్ లెక్కలో అది ఏడు సంకేతములు: ల, క, పొల్లు, ష, పొల్లు, మ, గుడి. యూటీఎఫ్-8 అను పద్ధతిలో ఒక్కొక్క తెలుగు సంకేతమునకు మూడు బైట్లు చొప్పున మొత్తము 21 బైట్లు. ఇంగ్లీషు పేరును మాత్రమే తలచుకొని 20 బైట్ల గడిని కేటాయించిన చోట మన లక్ష్మి పట్టదు. పట్టించుటకై తోక కోసినచో గుడి యూడి, చివరి యక్షరము వేరగును.

అంతే కాదు. 2022 మార్చిలో జావా 18 వచ్చువరకు, ఏ అక్షర పద్ధతిని వాడవలెనో జావా తాను నిలిచిన యంత్రమునడిగి తెలిసికొనెడిది. వ్రాయువాని కంప్యూటరులో తెలుగు చక్కగా కనబడెడిది. క్లౌడులోని కొన్ని గదులు ఇంగ్లీషు లిపి తప్ప ఎరుగవు. అక్కడికి చేరగానే ప్రతి తెలుగు సంకేతమును ప్రశ్నార్థక చిహ్నముగా మారెడిది. జావా 18 నుండి యూటీఎఫ్-8 ఆనవాయితీ యైనను, పాత జావా మీద నడచు అనువర్తనములకు ఈ గండము తప్పలేదు.

ఆరవ చిక్కు పేరు. మన బిడ్డల పేర్లు ఈ ప్రాంతమున మూడు లిపులలో తిరుగుచుండును. తమిళ లిపిలో ప, ఫ, బ, భ అను నాలుగింటికి ఒకటే అక్షరము. భారతి యను పేరును తమిళమున మాత్రమే దాచి, యంత్రముచేత మరల తెలుగు చేయించినచో పారతి కావచ్చును. ఇంగ్లీషులో మాత్రమే దాచినచో రమకును రామకును భేదము తెలియదు. ఒకమారు పోయిన భేదమును ఏ క్లౌడును తిరిగి యీయజాలదు. ఇంటిపేరు సంగతియు అట్టిదే. ఈ రాష్ట్రమున తండ్రి పేరులోని మొదటి యక్షరమును ముందుంచుట వాడుక. మన కుటుంబములలో ఇంటిపేరు ముందుండును. అమెరికా పద్ధతిలో మొదటి పేరు, చివరి పేరు అని రెండు గళ్ళు గీచినవాడు ఈ రెండింటిని ఎరుగడు. 1960 ఏప్రిల్ 1వ తేదీన తిరుత్తణి మద్రాసు రాష్ట్రమున చేరినపుడు సరిహద్దు మారినది గాని ఇంటిపేర్లు మారలేదు. సరిహద్దు చేయని పని ఒక గడి చేయరాదు గదా!

ఈ చిక్కులన్నిటిని కలిపి చూచినచో ఒక్క సత్యము తేలును. యంత్రము చెడినందున కలిగినది ఇందు ఒక్కటియు లేదు. దూరపు సత్రమునకు మన గది కొలత, మన కాలము, మన లిపి, మన పేరు తెలియవు. చెప్పవలసినవారు చెప్పకపోవుటయే దోషము. చెప్పుటకు ముందు అది చెప్పవలసిన విషయమని ఒకరికి తట్టవలెను. లక్ష్మి పేరునకు తోక తెగినదని తెలుగు చదువనేర్చిన కన్ను ఇట్టే పట్టును. చదువరాని కంటికి అది యొక చిత్రము మాత్రమే.

కావున రెండవ ప్రశ్నకు మా సమాధానమిది. తెలుగు మాత్రమే వచ్చినంతలో ఈ వృత్తిలో చోటు దొరకునని మేము చెప్పము. గణితము కావలెను, ఇంగ్లీషు కావలెను, ఓపిక కావలెను. కాని తెలుగు మానివేసినచో ఈ వృత్తి సులభమగునని తలచుట భ్రమ. 2006నాటి తమిళ అభ్యసన చట్టము తరువాత మన బిడ్డలు తమిళమును కూడ నేర్చుచున్నారు. మూడు లిపులు చదువగల బిడ్డకు ఒక పేరు ఎన్ని విధముల చెడునో చిన్ననాటనే తెలియును. ఇది బరువు కాదు, ఈ పనికి పనికివచ్చు పనిముట్టు. కంప్యూటరు చదువు కొరకని తెలుగు తరగతి మాన్పించువారు ఆ పనిముట్టును బిడ్డ చేతినుండి లాగివేయుచున్నారు.

తల్లిదండ్రులు చేయదగిన పనులు మూడు గలవు. మొదటిది, మూడు నెలలలో జావా నేర్పెదమను శిక్షణాలయమునకు రుసుము చెల్లించుటకు ముందు, పైని చెప్పిన చిక్కులను అక్కడ నేర్పుదురా యని అడుగుడు. రెండవది, పాఠశాల ఏ వెబ్ అనువర్తనమును కొన్నను, ఫొటోలు ఎచ్చట నిలుచును, తేదీలు ఏ కాలమున దాతురు, పేరు మూడు లిపులలో పట్టునా యని అడుగుడు. బిడ్డల వివరములు గనుక ఇది మన హక్కు కూడ. 18 ఏండ్లు నిండని వారి వివరములను వాడుటకు తల్లిదండ్రుల సమ్మతి కావలెనని 2023నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టము విధించినది. మూడవది, మీ బిడ్డ పేరును మూడు లిపులలో ఒక కాగితముపై స్ఫుటముగా వ్రాసి పాఠశాలకు ఇండు, ఇంటిపేరును విడువకుడు. బిడ్డచేతనే వ్రాయించినచో మరియు మేలు.

టైడెల్ పార్కు వంటి భవనములలో ఏ బల్ల యొద్దనో మన బిడ్డ కూర్చుండి, ఎవరో అపరిచితురాలగు లక్ష్మి పేరు తెరపై తెగియుండుట చూచి, ఊరకుండక సరిదిద్దిన నాడు ఈ పాఠశాల పెట్టిన శ్రమ ఫలించినట్లే.