ముద్ర లేని పాతనగలు: కాలనిర్ణయము, కర్తృనిర్ణయము
(రామసముద్రమున విశ్వబ్రాహ్మణ వార్షిక మహాసభయందు చేసిన యుపన్యాసము)



పెండ్లిండ్ల దినములు వచ్చినచో మన సీమలో పాతపెట్టెలు తెఱవబడును. అవ్వల కాసులపేర్లు, వంకీలు, జడనాగరములు బయటపడును. అంతట రెండు ప్రశ్నలు పుట్టును. ఇది యెన్నేండ్లనాటిది? దీనిని చేసిన చేయి యెవ్వరిది? నగపై పేరు లేదు, ముద్ర లేదు. ఇంటివారు పుంగనూరు జమీందారుల నగ యందురు. వర్తకుడు తూకమునకే వెల కట్టును. మఱునాడు నగ మూసలో కరగును. కరగినపిదప విచారించుటకు మిగులున దేమియు లేదు. కావున ముందుగా చూడవలసిన గుర్తులను గూర్చి నాలుగు మాటలు విన్నవింతుము.

మొదటిది నాణెము. కాసులపేరున సవరనులున్నచో వానిపై సంవత్సర ముండును. 1918లో బొంబాయి టంకశాలయందు ముద్రించిన సవరనులపై ‘ఐ’ అను నాంగ్లాక్షరము సూక్ష్మముగా నుండును. అట్టి కాసుతోనే కూర్చిన పేరు 1918కి పూర్వపుది కానేరదు. పలు సంవత్సరముల కాసులు కలిసియున్నచో మిక్కిలి క్రొత్తదే ప్రమాణము. అయితే నడుమ నొక కాసు మార్చిరేమో, కొండీలను పోల్చి చూడవలెను.

రెండవది రాయి. 1902లో ఫ్రాన్సు దేశమున వెర్నెయ్ అను శాస్త్రజ్ఞుడు కృత్రిమముగా కెంపులు చేయు విధానమును ప్రకటించెను. అట్టి కెంపులో భూతద్దమున చూచినచో వంపు తిరిగిన గీతలు కనబడవచ్చును. అట్టి రాయి మొదటినుండియు పొదిగినదే యైనచో నగ యా యేటికి తరువాతిదే. గూడు చెదరియున్నచో రాయి మాత్రమే క్రొత్తది కావచ్చును.

మూడవది వెనుకభాగము. ముందువైపు చూచువారికొఱకు చేయబడినది. పనివాని చేయి వెనుకవైపుననే తెలియును. అతుకుల రంగు, లోపలి లక్క, కమ్మచ్చున లాగిన తీగపై నిలువుగీతలు, కొండీల యరుగుదల పరిశీలింపదగినవి. ఇవి పనితీరును, వాడుకను తెలుపును గాని యేటిని తెలుపవు. తాతల పనితీరు మనుమలయందును నిలిచియుండును గదా!

నాలుగవది గీటురాయి. కౌటిల్యుని యర్థశాస్త్రము రెండవ యధికరణమునందే దీని ప్రసక్తి గలదు. ఇది వన్నెను చెప్పును, వయస్సును చెప్పదు. 1963లో 14 కారెట్లకు మించిన క్రొత్తనగలు చేయరాదని ప్రభుత్వము శాసించినపుడు మన కుంపటు లెన్ని చల్లారినవో పెద్దలెఱుగుదురు. అంతమాత్రమున తక్కువ వన్నెగల ప్రతి నగయు నానాటిదని చెప్పరాదు.

ఇక కర్త యెవ్వరు? నగ దొరికిన యూరు నగ పుట్టిన యూరు కాదు. మన సీమ కన్నడదేశమునకు చేరువ. కోడండ్రతోపాటు నగలును పొలిమేర దాటును. పోలికయు చాలదు. మృచ్ఛకటికము నవమాంకమున న్యాయస్థానమందు నగలను చూపగా వసంతసేన తల్లి, పోలియున్నవి గాని యవి కావనును. శిల్పులు చూచినదానిని చూచినట్లే చేయగలరని న్యాయాధికారియు నొప్పుకొనును. ఒక నిరపరాధి ప్రాణము నగల గుర్తింపుతో ముడివడిన ఘట్టమది. కావున ‘ఇంతకు పూర్వపుది కాదు’ అనుట శాస్త్రము. సాక్ష్యము లేక ‘ఫలానావారు చేసిరి’ అనుట సాహసము.

నేడైనను మన పేరు నగపై నున్నదా? 2021 జూన్ 16 నుండి పలు జిల్లాలలో హాల్‌మార్కు తప్పనిసరి యయ్యెను. 2023 ఏప్రిల్ 1 నుండి ఆరు అక్షరాంకముల గుర్తు కావలసివచ్చెను. దానివలన వన్నెయు, ముద్ర వేయించిన వర్తకుడును, పరీక్షాకేంద్రమును తెలియును. కుంపటి యెదుట కన్నులు పోగొట్టుకొన్నవాని పేరు తెలియదు.

కావున మా మనవి యిది. పాతనగను కరగించుటకు ముందు రెండువైపుల ఛాయాచిత్రము తీయుడు. తూకమును, కాసుల సంవత్సరములను వ్రాయుడు. ఏ పెండ్లికి, ఎవరిచేత చేయించిరో పెద్దలనడిగి, వారి మాటను వారి మాటగానే వ్రాసియుంచుడు. పనివారలారా! మీరు చేసిన ప్రతి నగకును తేదీ, తూకము, చేయించినవారి పేరు, మీ పేరు ఒక పుస్తకమున నెక్కింపుడు. మన తాతల పేర్లు మనకు దక్కలేదు. మన పేర్లయినను మన మనుమలకు దక్కుగాక!

ఇతి శమ్.