లెక్కకు రాని నష్టం



రుజువు లేని గోడు నిలవదని న్యాయవాదిగా నా అనుభవం. జస్టిస్ రాజిందర్ సచార్ కమిటీ 2006లో ముస్లింల వెనుకబాటును జనాభా లెక్కలు, జాతీయ నమూనా సర్వేల అంకెలతోనే నిరూపించింది. 2001లో దేశ అక్షరాస్యత 65.1 శాతం కాగా, ముస్లింలలో 59.1 శాతమే.

భాషాపరంగా అల్పసంఖ్యాకులమైన మనకూ అటువంటి రుజువు కావాలి. ప్రాథమిక దశలో మాతృభాషా బోధనకు వసతులు కల్పించాలని రాజ్యాంగంలోని 350-ఎ అధికరణం 1956 నుంచి చెబుతోంది. తెలుగు బడి మూతపడిన ఊళ్ళో మన పిల్లలు ఏ తరగతిలో చదువు మానుతున్నారు? ఏ పనుల్లో చేరుతున్నారు? భాషలవారీగా, జిల్లాలవారీగా ఈ వివరాలు ప్రకటించాలని ప్రభుత్వాలను అడుగుదాం. జనాభా లెక్కలవారు వచ్చినప్పుడు మాతృభాష తెలుగని చెప్పి రాయించండి. ఇంట తెలుగు మాట్లాడుతూ కాగితంపై వేరొకటి రాయిస్తే, మన బిడ్డల నష్టం ఏ పట్టికలోనూ కనబడదు.