నల్ల పావులతో గెలిచిన ఆట
(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగము)



గ్రంథాలయమును గూర్చి మాటలాడుమని నన్ను పిలిచితిరి. నేను చదరంగమును గూర్చి మాటలాడెదను. కారణము మీరెరిగినదే. మూలనున్న చదరంగపు బల్ల చదువరులకు అడ్డమనియు, దానిని తీసివేయవలెననియు కార్యవర్గమున ఒక మాట పుట్టినది. అందు కొంత నిజము లేకపోలేదు. ఎత్తు తప్పినవారు వేయు కేకలకు పత్రికలు చదువువారు ఉలికిపడుట నేనును చూచితిని.

అయినను ఒక ఆటను వినుడు. 2024 డిసెంబరు 28న న్యూయార్కు నగరమున మహిళల ప్రపంచ రాపిడ్ పోటీలలో చివరిదైన పదునొకండవ ఆట. గుడివాడలో 1987లో జన్మించిన కోనేరు హంపిగారికి నల్ల పావులు వచ్చినవి. ఎదుట ఇండోనేషియాకు చెందిన ఐరీన్ సుకందర్. తెల్ల పావులకు మొదటి ఎత్తు దక్కును. నల్ల పావులు ఒక అడుగు వెనుకనే బయలుదేరవలెను. పైగా ఒక్కొక్కరికి 15 నిమిషములు, ఎత్తునకు మరి 10 సెకండ్లు, అంతే. మన రచ్చబండమీది పులిజూదమువలె చుట్ట కాల్చుకొనుచు ఆలోచించుటకు వీలులేదు.

ఆమె ఆ పోటీలో తొలి ఆటయే ఓడిరి. మూడు దినములలో ముగియు పోటీలో అట్టి దెబ్బ తిన్నవారిని చూచువారు లెక్కలోనుండి తీసివేయుదురు. చివరి ఆటనాటికి అగ్రభాగమున పలువురు సమానముగా నిలిచియుండిరి; డ్రా చేసికొన్నచో గుంపులో కలసిపోవలసినదే. నల్ల పావులతోనే గెలిచిరి. మొత్తము 8.5 పాయింట్లు. చైనాకు చెందిన జూ వెన్‌జున్ రెండవ స్థానమున నిలిచెను. 2019లో మాస్కోలో గెలిచిన పట్టమే హంపిగారికి మరల దక్కెను. అప్పటికి ఆమెకు 37 ఏండ్లనియు, ఒక బిడ్డకు తల్లి యనియు మన ఆడపడుచులు గమనింతురు గాక.

ఆమెకు ఆట నేర్పినవారు తండ్రి అశోక్‌గారు. ఇంటిలోనే బల్ల, ఇంటిలోనే గురువు. అందరి ఇండ్లలో ఆ భాగ్యముండదు. పెంటేల హరికృష్ణ, ద్రోణవల్లి హారిక గుంటూరువారే. మన తాతలు సాయంత్రము ప్రత్తి బండ్లు కట్టి తెల్లవారుసరికి చేరిన దూరమే గదా అది!

చదరంగమునకు లిపి కలదు. గడులకు అక్షరములు, అంకెలు. న్యూయార్కులో వేసిన ఎత్తును సత్తెనపల్లిలో కాగితము చూచి మరల వేయవచ్చును. దానిని చదువు గాదందురా?

మిరప కోతలనాడు ఆడపిల్లలు చేలనుండి వచ్చుసరికి దీపాలవేళ యగును. అప్పటికి మన తలుపులకు తాళము పడును. కనుక బల్లను తీయవలదు, వసారాలోనికి జరుపుడు. వారమునకు రెండు సాయంత్రములు ఒక గంట ఎక్కువ తెరచియుంచుడు. ఆ గంట దీపపు ఖర్చు ఈ సంవత్సరమంతయు నేను భరించెదను.