చంటిబిడ్డ గది శుభ్రం ఎవరి పని?

(మండల సమాఖ్య వార్షిక మహాసభలో నాగాయలంక సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఇంతవరకూ పొదుపు లెక్కలు, బ్యాంకు లింకేజీ, స్త్రీనిధి వాయిదాలు విన్నాం. అవన్నీ అవసరమే. మాకిచ్చిన ఈ కాస్త టైములో మేము వేరే సంగతి మాట్లాడతాం. షాపుల్లో పిల్లలకి పాలిచ్చే గది, గుడ్డలు మార్చే బల్ల, వాటి శుభ్రం గురించి. "ఇదీ ఒక విషయమేనా?" అని కొందరు నవ్వుకోవచ్చు. మేమూ మొదట్లో నవ్వుకున్నాం. ఎందుకు మానేశామో చెబుతాం, వినండి.

పోయినేడాది శ్రావణంలో మా సంఘంలో ఒక అక్క కూతురి పెళ్ళి కుదిరింది. బట్టలు కొనడానికి తొమ్మిదిమందిమి కలిసి టౌనుకి వెళ్ళాం. మాలో ఒక అమ్మాయికి అయిదో నెల బిడ్డ. ఇంట్లో వదిలేసి రావడానికి వీల్లేదు, పాలు తాగే పిల్లాడు. మేము వెళ్ళింది మూడంతస్తుల పెద్ద షాపు. పేరు చెప్పం, పేరుతో పని లేదు. రెండో అంతస్తులో ఒక తలుపు మీద తల్లీబిడ్డల బొమ్మ వేసి ఉంది. చూసి సంతోషపడ్డాం.

తలుపు తీస్తే లోపల ఖాళీ అట్టపెట్టెలు, చెయ్యి విరిగిన బొమ్మ, తడి ఆరని మాపు కర్ర. కూర్చునే బల్ల మీద రెక్సిన్ చిరిగి లోపలి స్పాంజి నల్లబడింది. మూతలేని చెత్తబుట్ట నిండా పాత డైపర్లు, చుట్టూ చీమలు. తలుపుకి గడియ లేదు. పిల్లాడు ఏడుస్తున్నాడు. చివరికి ఇద్దరం చీర అడ్డం పట్టుకుని తలుపు దగ్గర నిలబడితే, ఆ అమ్మాయి నిలబడే పాలిచ్చింది. పిల్లాడికి గుడ్డ మార్చాల్సి వస్తే మా ఒళ్ళోనే మార్చాం. ఆ బల్ల మీద పడుకోబెట్టడానికి ఎవరికీ మనసొప్పలేదు.

కిందికి దిగాక మేనేజరుగారిని అడిగాం. "ఎవరూ వాడరమ్మా, అందుకే అట్లా ఉంది" అన్నాడు. ఆయన మాట అబద్ధం కాదు. కానీ ఎవరూ ఎందుకు వాడరు? అట్లా ఉంది కాబట్టే వాడరు. వాడటం లేదని కడగరు, కడగలేదని వాడరు. ఇది ఎక్కడో ఒకచోట తెగాలి కదా.

అక్కడ ఊడ్చే ఒక పెద్దామెని కూడా అడిగాం. "మూడంతస్తులూ నేనొక్కదాన్నే తుడవాలమ్మా. ఆ గది నా పని అని ఎవరూ చెప్పలేదు" అంది. ఆమెని తప్పు పట్టలేం. ఆమె కూడా మనలాంటిదే, ఏ ఊళ్ళోనో ఏ సంఘంలోనో సభ్యురాలై ఉంటుంది. గది కట్టేటప్పుడు బోర్డు రాయించారు గానీ, అది రోజూ శుభ్రం చేసే పని ఎవరిదో రాయలేదు. మనిషి పేరు లేని పని ఎక్కడా జరగదు. మన పుస్తకాల్లో సంతకం లేని లెక్క ఎట్లా ఉంటుందో ఇదీ అంతే.

తర్వాత జరిగింది చెబుతాం. ఆ రోజు సిగ్గుపడిన అమ్మాయి, మళ్ళీ ఊరు దాటినప్పుడల్లా సీసా పాలు పట్టుకెళ్ళడం మొదలుపెట్టింది. ఆసుపత్రికి, బ్యాంకుకి, పుట్టింటికి, ఎక్కడికెళ్ళినా సీసానే. నెల తిరిగేసరికి తన పాలు తగ్గాయి. పిల్లాడికి విరేచనాలు పట్టుకున్నాయి. సీసా వల్లే వచ్చాయని మేము గట్టిగా చెప్పలేం, మేము డాక్టర్లం కాదు. కానీ ఏఎన్ఎం గారు చెప్పిన మాటలు మాత్రం అందరం వినాల్సినవి. బిడ్డ ఎంత తాగితే తల్లికి అన్ని పాలు ఊరతాయి. తాగడం తగ్గితే ఊరడం తగ్గుతుంది. పుట్టిన గంటలోపు మొదలుపెట్టి ఆరు నెలలు తల్లిపాలు తప్ప మంచినీళ్ళు కూడా అక్కర్లేదు. ఆరు నెలల తర్వాత మెత్తటి అన్నం పెడుతూనే రెండేళ్ళు, ఆ పైనా పాలివ్వొచ్చు. సీసా, దాని రబ్బరు పీక సరిగ్గా మరగబెట్టకపోతే క్రిములు అక్కడే చేరతాయి. ప్రయాణంలో వాటిని మరగబెట్టేది ఎక్కడ?

ఓఆర్ఎస్ తాగిస్తూ, మాటిమాటికీ పాలిస్తూ పది రోజులు కష్టపడితే పిల్లాడు కోలుకున్నాడు. ఇప్పుడు గోడ పట్టుకుని నడుస్తున్నాడు. కానీ ఒక గదికి గడియ, ఒక బుట్టకి మూత లేకపోవడం ఒక తల్లిని ఎక్కడిదాకా తీసుకెళ్ళిందో చూడండి. అప్పటినుంచే మేము నవ్వడం మానేశాం.

ఇది మన ఒక్కరి గోడే కాదు. తమిళనాడులో 2015 ఆగస్టులో, తల్లిపాల వారోత్సవాల సమయంలో, బస్టాండ్లలో పాలిచ్చే తల్లులకి ప్రత్యేక గదులు తెరిచారు. బహిరంగ ప్రదేశాల్లో పాలిచ్చే గదులు, పిల్లల సంరక్షణ గదులు ఉండాలని ఒక సంస్థ సుప్రీంకోర్టుకి వెళ్ళింది. 2024 ఫిబ్రవరి 27న కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ ఈ విషయమై అన్ని రాష్ట్రాలకీ లేఖ రాసింది. 2025 ఫిబ్రవరి 19న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, ఆ లేఖలోని సూచనలను రాష్ట్రాలు అమలు చేసేలా చూడాలని చెప్పింది. స్త్రీల గౌరవాన్ని తగ్గించే ఆచారాలను వదిలిపెట్టడం ప్రతి పౌరుని విధి అని మన రాజ్యాంగంలోనే ఉంది. పాలిచ్చే తల్లిని చూసి ముఖం చిట్లించడం కూడా అలాంటి ఆచారమే అని మా అభిప్రాయం.

ఇంకో చట్టం కూడా తెలుసుకోండి. పాలడబ్బాలు, పాలసీసాల మీద 1992లో చట్టం వచ్చింది, 2003లో దాన్ని ఇంకా గట్టి చేశారు. దాని ప్రకారం పాలడబ్బాలకి, సీసాలకి ప్రకటనలు వేయకూడదు. ఏ షాపులోనైనా పాలిచ్చే గది గోడ మీద పాలడబ్బా బొమ్మ కనబడితే అడగండి. అడిగే హక్కు మనకుంది.

ఇక అసలు సంగతికి వస్తాం. షాపుని తిట్టుకుంటూ ఇంటికొచ్చాం. కార్తీకంలో మా గ్రామ సమాఖ్య రిజిస్టరు చూస్తుంటే ఒకటి బయటపడింది. మీటింగుకి రాకపోతే పది రూపాయలు జరిమానా అని మన తీర్మానం. వరసగా మూడు నాలుగు నెలలు జరిమానా కట్టినవాళ్ళ పేర్లు చూస్తే, ఎక్కువమంది చంటిపిల్లల తల్లులే. మన హాల్లో పాలిచ్చే చోటు ఉందా? లేదు. చదును గచ్చు మీద అందరి మధ్యా కూర్చోవాలి, పక్కన బ్యాంకు వాళ్ళో, ఆఫీసు సార్లో ఉంటారు. బిడ్డ ఏడిస్తే "బయటికి తీసుకెళ్ళమ్మా" అన్నది ఎవరు? మేమే. షాపు వాడు గదైనా కట్టాడు. మనం గది ఇవ్వకపోగా జరిమానా వసూలు చేశాం. పంచసూత్రాల్లో మొదటిది క్రమం తప్పని సమావేశం. ఆ సూత్రం తప్పింది వాళ్ళు కాదు, తప్పేలా చేసింది మనం.

అందుకని సంక్రాంతి వెళ్ళాక హాలు పక్కన పాత రికార్డులు, బియ్యం బస్తాలు ఉండే గది ఖాళీ చేశాం. సున్నం వేశాం. ఆనుకుని కూర్చునే కుర్చీ ఒకటి, నడుము ఎత్తున ఒక బల్ల, దాని మీద కొత్త రెక్సిన్, మూత ఉన్న చెత్తబుట్ట, బకెట్టు, మగ్గు, సబ్బు పెట్టాం. కిటికీకి పాత చీర పరదా కట్టాం. తలుపుకి లోపల గడియ పెట్టాం. ఉన్నవి వాడాం కాబట్టి ఖర్చు రెండు వేలకి లోపే అయ్యింది. కట్టినవాళ్ళ జరిమానాలు తీర్మానం రాసి తిరిగిచ్చేశాం.

శుభ్రం ఎట్లా చేస్తున్నామో చెబుతాం, మీ ఊళ్ళలో పనికొస్తుంది.

చంటిపిల్లల దొడ్డికి దోషం లేదని మన పెద్దలంటారు. అది తప్పు. అందులోనూ రోగం తెచ్చే క్రిములుంటాయి. అందుకని గుడ్డ మార్చిన ప్రతిసారీ బల్లని సబ్బునీళ్ళతో తుడవాలి. తర్వాత తల్లి చేతులు సబ్బుతో కడుక్కోవాలి, ఆ తర్వాతే పాలివ్వాలి. పాలిచ్చే కుర్చీ, గుడ్డ మార్చే బల్ల దూరంగా ఉండాలి. రోజు చివర లీటరు నీళ్ళకి ఒక చిన్న చెంచా బ్లీచింగు కలిపి, సబ్బుతో కడిగిన బల్ల మీద పూసి, పది నిమిషాలు ఉంచి, మంచినీళ్ళతో తుడిచి ఆరబెట్టాలి. బ్లీచింగుని, బాత్రూములు కడిగే యాసిడ్‌ని ఎప్పుడూ కలపొద్దు. కలిపితే వచ్చే గాలి ఊపిరికి ప్రమాదం. బుట్ట ఏ రోజుకారోజు ఖాళీ చేయాలి. డైపర్లు చెత్తబండికే ఇవ్వాలి. కాలవలో వేస్తే ఆ నీళ్ళే మన మంచినీళ్ళ చెరువుకి వస్తాయి, మనమే తాగుతాం.

గోడకి ఒక కాగితం అంటించాం. తేదీ, టైము, కడిగినవారి సంతకం. వంతులు వేసుకున్నాం. మొదటి నెల ఏం జరిగిందో దాచకుండా చెబుతాం. పది రోజుల సంతకాలు ఒకే పెన్నుతో, ఒకే వరసలో పడ్డాయి! మన పొదుపు పుస్తకాల్లో ఇట్లాంటివి మనం చూడనివి కావు కదా. అప్పుడు పద్ధతి మార్చాం. ఈ రోజు కడిగినామె సంతకం చేయదు. రేపు వంతు ఉన్నామె వచ్చి చూసి, బాగుంటే ఆమె చేస్తుంది. అప్పటినుంచి గది బాగుంది.

పెద్దవాళ్ళు కొందరు మా మీద కోప్పడ్డారు. "మా కాలంలో నాట్లేస్తూ గట్టు మీద కూర్చుని పాలిచ్చాం. మీకు గదులు కావాల్సొచ్చాయా?" అన్నారు. పిన్నీ, మీరు చెప్పింది నిజమే. గట్టు మీద చుట్టూ మనవాళ్ళే ఉండేవాళ్ళు. ఇప్పుడు టౌనులో ప్రతి చేతిలో కెమెరా ఫోను ఉంది. అయినా గదిలోకే వెళ్ళి పాలివ్వాలని మేము ఎవరికీ రూలు పెట్టడం లేదు. బయట కూర్చుని ఇచ్చే తల్లికి అందులో తప్పూ లేదు, సిగ్గూ లేదు. కావాలన్నవాళ్ళకి శుభ్రమైన చోటు ఉండాలి, అంతే. గుడ్డలు మార్చే బల్ల ఆడవాళ్ళకి మాత్రమే అనుకోవడం కూడా మానాలి. తండ్రి కూడా మార్చొచ్చు, తాతయ్య కూడా మార్చొచ్చు. అందుకే ఆ బల్లని పాలిచ్చే గదిలో కాకుండా విడిగా పెడితే ఇంకా మంచిది.

ఉగాదికి మళ్ళీ ఆ షాపుకే వెళ్ళాం, ఈసారి పదిహేనుమంది. కొనాల్సినవి కొని, బిల్లు కట్టి, ఆ బిల్లు చేతిలో పట్టుకునే మేనేజరు దగ్గరికి వెళ్ళాం. మూడు అడిగాం. తలుపుకి గడియ, బుట్టకి మూత, గోడకి సంతకాల కాగితం. మొదటి రెండూ వచ్చాయి, మొన్న వెళ్ళినవాళ్ళు చూసి చెప్పారు. కాగితం ఇంకా రాలేదు. అట్టపెట్టెలు కొన్ని అక్కడే ఉన్నాయట. మళ్ళీ వెళ్తాం, మళ్ళీ అడుగుతాం.

చల్లపల్లిలో కొంతమంది తెల్లవారుజామున లేచి ఊరి రోడ్లు ఊడుస్తున్నది 2014 నుంచీ మనం చూస్తూనే ఉన్నాం. ఊరంతా ఊడ్చేవాళ్ళు మన పక్కనే ఉండగా, మనం ఒక గది ఊడ్చుకోలేమా?

ఈ మహాసభ ముందు మూడు కోరికలు పెడుతున్నాం. ప్రతి గ్రామ సమాఖ్య హాల్లో చంటిబిడ్డ తల్లికి ఒక మూలైనా, పరదాతోనైనా, ఏడాదిలోపు ఏర్పాటు చేయాలి. ఆరు నెలల లోపు బిడ్డ ఉన్న సభ్యురాలికి మీటింగు జరిమానా వేయకూడదని తీర్మానం రాయాలి. మన అవనిగడ్డ, మోపిదేవి, బందరు వైపు బస్టాండ్లలో, గుళ్ళ దగ్గర, షాపుల్లో ఇలాంటి గదులు కావాలని, ఉన్నవాటికి కడిగే మనిషి పేరు రాయాలని మండల సమాఖ్య తరఫున అర్జీ ఇవ్వాలి. సంతకాలు పెట్టడానికి మా సంఘం ముందుంటుంది.

చివరిగా ఒక్క మాట. ఆ రోజు నిలబడి పాలిచ్చిన అమ్మాయి ఇప్పుడు మా సంఘానికి రెండో లీడరు. ఈ నెల గది కడిగే వంతు కూడా తనదే. తను కడిగితే ఎవరూ వంక పెట్టలేరు.