కమ్మరి కొలిమి నుండి రంగుల తెర వరకు

(గ్రంథాలయ రజతోత్సవ సభయందు చేసిన ప్రసంగ పాఠము)



రజతోత్సవ సభలో సాహిత్యమును గూర్చి మాటలాడుట ఆచారము. అయినను కార్యవర్గమువారు నన్ను విజ్ఞానశాస్త్ర విషయమొకటి చెప్పుమని కోరి, ఆ విషయమును గూడ తామే చూపిరి. పఠనమందిరములో ఆ మూల గుడ్డ కప్పియున్న రంగుల టెలివిజను పెట్టెయే ఆ విషయము. గ్రంథాలయము నెలకొనిన తొలినాళ్లలో ఒక దాత ఒసగిన ఆ పెట్టె యెదుట ఈ కోడుమూరు పిల్లలు ఎందరో కూర్చుండిరి. నేడది పనిచేయుట లేదు. దానిని పగులగొట్టి, రాగిని, ఇనుమును అమ్మి, ఆ సొమ్ముతో పుస్తకములు కొనవచ్చునా యని కొందరు సభ్యులు అడిగియున్నారు. ఆ ప్రశ్నకు బదులు చెప్పుటకు ముందు ఆ గాజుగొట్టములో నేమున్నదో, దానిని చేసినవారు దేనితో పోరాడిరో తెలిసికొనవలెను. వారు పోరాడినది వేడితో. అంతకన్న, వేడికి ఒక్కొక్క పదార్థము ఒక్కొక్క తీరున సాగుటతో.

ఈ విషయము మనకు కొత్తది కాదు. మన హంద్రీతీరపు పల్లెలలో ఎడ్లబండి చక్రమునకు ఇనుపపట్టా వేయుటను పెద్దలందరును చూచియుందురు. కమ్మరి ఆ పట్టాను చక్రపు చుట్టుకొలత కన్న కొంచెము చిన్నదిగా చేయును. పిడకల మంటలో నెఱ్ఱగా కాల్చి, పట్టకారులతో నెత్తి, చక్రముపై దింపి, వెంటనే నీళ్లు పోయును. కాలినపుడు సాగిన ఇనుము చల్లారి ముడుచుకొని, ఆకులను, చెక్కలను ఒక్కటిగా బిగించును. నాలుగు మీటర్ల పట్టా 500 డిగ్రీల సెంటిగ్రేడు మేర వేడెక్కినచో సుమారు 24 మిల్లీమీటర్లు, అనగా దాదాపు ఒక అంగుళము సాగును. ఆ యంగుళమే బండికి బలము.

ఇనుము సాగి, కొయ్య సాగకుండుట ఇచ్చట మనకు మేలు చేసినది. ఏలయన కమ్మరి ఆ భేదమును ముందే లెక్కలోనికి తీసికొనెను. లెక్కలోనికి తీసికొనని చోట ఆ భేదమే కీడు చేయును. వెలుగుచున్న లాంతరు గాజుపై వానచినుకు పడిన నేమగునో మీరెరుగుదురు. చినుకు తాకినంత మేర గాజు ముడుచుకొనును. చుట్టునున్న గాజు వేడిగానే యుండి ముడుచుకొనదు. రెండింటి పెనగులాటలో గాజు పగులును. ఒకే గాజులో ఇట్లయినచో, వేరువేరు పదార్థములను ఒకదాని నొకటి అంటించినపుడు ఎంత జాగ్రత్త వలయునో ఊహింపుడు.

మూడంకెలను గుర్తుంచుకొనుడని కోరుచున్నాను. ఒక మీటరు పొడవుగల వస్తువు 100 డిగ్రీలు వేడెక్కినచో, ఉక్కు 1.2 మిల్లీమీటర్లు సాగును. పిక్చర్ ట్యూబు గాజు సుమారు 1 మిల్లీమీటరు సాగును. ఇన్వార్ అను మిశ్రలోహము 0.12 మిల్లీమీటరు మాత్రమే సాగును. తక్కిన కథ యంతయు ఈ యంకెలలోనే యున్నది.

ఇక గొట్టమును చూతము. దాని సన్నని మెడలో మూడు ఎలక్ట్రాను తుపాకులు కలవు. ఎదుటి గాజుపలక లోపలివైపున ఎఱుపు, ఆకుపచ్చ, నీలము రంగులతో వెలుగు పొడులు వరుస వరుసలుగా పూయబడియుండును. ఎలక్ట్రానులు తాకినపుడు ఆ పొడులు ప్రకాశించును. ఎఱుపునకు ఉద్దేశింపబడిన పుంజము పచ్చనిదానిని తాకకుండుటకై, తెరకు సుమారొక సెంటిమీటరు వెనుకగా జల్లెడవంటి పలుచని ఉక్కురేకు నమర్తురు. దీనికి షాడో మాస్కు అని పేరు. మన భాషలో నీడరేకు అనవచ్చును. దాని మందము ఒక మిల్లీమీటరులో ఐదవవంతు మాత్రమే, రంధ్రములు లక్షలు. మూడు పుంజములును ఒకే రంధ్రమున మూడు వేరువేరు కోణములలో దూరి, తమతమ రంగు పొడిమీదనే పడును. తక్కిన చోటు రేకు నీడలో నుండును. ఈ పద్ధతిలో పనిచేయు గొట్టమును అమెరికాలో ఆర్.సి.ఏ. సంస్థవారు 1950లో ప్రదర్శించిరి.

ఉపాయము చక్కనిదే గాని దానికి మూల్యము చెల్లింపవలెను. తుపాకుల నుండి వచ్చు ఎలక్ట్రానులలో సుమారు ఐదింట నాలుగు వంతులు రంధ్రములలో దూరక రేకునే కొట్టుకొనును. 25 వేల వోల్టుల వద్ద ఒక మిల్లీ ఆంపియరు ప్రవాహమున్నచో మొత్తము శక్తి 25 వాట్లు. అందులో 20 వాట్లు ఈ పలుచని రేకులో వేడిగా మారును. చుట్టును శూన్యము, చల్లార్చు గాలి లేదు. అర మీటరు వెడల్పుగల ఉక్కురేకు 40 డిగ్రీలు వేడెక్కినచో 0.24 మిల్లీమీటరు సాగును. నడుమ నుండి లెక్కించిన ఒక్కొక్క అంచు 0.12 మిల్లీమీటరు జరుగును. ఇది వెండ్రుకంత కొలతయే. కాని తెరపై రంగుచారలు గూడ ఇంచుమించు అట్టి కొలతలోనే యున్నందున, పుంజము తన చారను విడిచి పొరుగు చారపై పడును. తెల్లని పంచె అంచున ఊదారంగు మరక కనిపించును.

ఇంతకన్న చిక్కు మరొకటి కలదు. రేకు చుట్టును బరువైన ఉక్కు చట్రమున్నది. రేకు నిమిషములలో వేడెక్కును. చట్రమునకు చాల సేపు పట్టును. అంచులు కదలలేవు గనుక సాగిన రేకు కాలిన అప్పడమువలె తెరవైపు ఉబ్బును. తెరలో ఒక్కచోటనే మిక్కిలి వెలుగున్నచో ఆ యొక్కచోటనే ఉబ్బును. మనవారు ఈ మరకలను చూచి, వోల్టేజి చాలలేదనియు, కర్నూలు సీమ యెండ పెట్టెకు తగిలినదనియు అనుకొనెడివారు. బయటి యెండకన్న లోపలి ఎలక్ట్రానుల వేడియే దీనికి ముఖ్యకారణము. తెరపై దృశ్యము మారిన కొంతసేపటికి మరక తొలగినచో అది రేకు ఉబ్బుట వలన. ఏ దృశ్యమునందైనను అదే చోట నిలిచియున్నచో అది రేకునకు అయస్కాంతత్వము సోకుట వలన. పెట్టె వేయగానే వినిపించు ఆ ‘గుమ్’ అను ధ్వని, ఆ యయస్కాంతత్వమును తొలగించు తీగచుట్టది.

ఈ చిక్కునకు మూడు విధములైన విరుగుడులు కనుగొనిరి.

మొదటిది, సాగుటను సాగుటతోనే సరిచేయుట. వేరువేరుగా సాగు రెండు లోహపు పట్టీలను ఒకటిగా అతికినచో, వేడి తగిలినపుడు అది ఒకవైపునకు వంగును. మన యిస్త్రీపెట్టెలో వేడి మితిమీరకుండ విద్యుత్తును ఆపునది ఇట్టి జంటపట్టీయే. నీడరేకు చట్రమును ఇట్టి పట్టీలపై వ్రేలాడదీసిరి. చట్రము వేడెక్కి రంధ్రములు వెలుపలికి జరిగినపుడు, పట్టీలు వంగి రేకును తెరవైపునకు కొద్దిగా నెట్టును. ఏటవాలుగా వచ్చు పుంజము తిరిగి తన చారపైననే పడును. ఐతే ఇది చట్రముతోపాటు మెల్లగా పనిచేయు ఉపాయము. రేకు తొందరగా ఉబ్బుటను ఆపలేదు.

రెండవది, సాగని లోహమును వెదకుట. స్విట్జర్లాండులో జన్మించిన షార్లె ఎడ్వర్డ్ గియోమ్ అను శాస్త్రవేత్త, పారిస్ నగరము చెంతనున్న అంతర్జాతీయ తూనికలు కొలతల సంస్థలో పనిచేయుచు, కొలబద్దలకు తగిన చౌకయైన లోహమును అన్వేషించెను. 1896లో ఇనుమునకు సుమారు 36 శాతము నికెలును కలిపినచో, మామూలు వేడిమిలో ఆ మిశ్రమము దాదాపు సాగదని కనుగొనెను. మారనిది అను అర్థములో దానికి ఇన్వార్ అని పేరు. ఈ కృషికి ఆయనకు 1920లో భౌతికశాస్త్రమున నోబెల్ బహుమతి లభించెను. తెరలు పెద్దవై, చదునైన కొలది నీడరేకు ఉబ్బుట ఎక్కువ బాధించెను. అపుడు 1980 దశకములో ఇన్వార్ రేకులు వాడుకలోనికి వచ్చెను. నికెలు ఖరీదైనది, ఆ రేకు మొండిది గనుక అచ్చులో వంచుటకు దానిని వెచ్చజేయవలసివచ్చెను. అయినను 0.24 మిల్లీమీటరు సాగవలసినది 0.024కు తగ్గెను. వేడికి తక్కువగాను, కోరిన కొలతలోను సాగు ఇట్టి ప్రత్యేక మిశ్రలోహములను ఇతరావసరములకై తయారు చేయు కర్మాగారము మన హైదరాబాదులో గలదు. అది 1973లో స్థాపింపబడిన మిశ్రధాతు నిగమ్.

మూడవది మన నేతగాండ్రకు వెంటనే బోధపడును. మగ్గముపై పడుగును బిగించి లాగియుంచినచో, దారము కొంచెము సాగినను వ్రేలాడదు. బిగువు మాత్రమే కొంత తగ్గును. జపానులోని సోనీ సంస్థవారు 1968లో వెలువరించిన ట్రినిట్రాన్ గొట్టములో జల్లెడరేకునకు బదులు నిలువు పట్టీలను పడుగువలె బలమైన చట్రమునకు బిగించిరి. వేడికి అవి సాగినను నిలువుగానే యుండును గాని ప్రక్కకు తొలగవు.

ఇది లోపలి కథ. గాజునకు సంబంధించిన కథ వేరు. అచ్చట రెండు వస్తువులు అంటుకొని యుండవలెను గనుక, సాగుదల సరిసమానముగా నుండుటయే మార్గము. పూర్వము విద్యుద్దీపములలో గాజు గుండా పోవు తీగను ప్లాటినముతో చేసిరి. ఏలయన ప్లాటినము గాజుతో సమానముగా సాగును. పిదప అంత ఖరీదు లేని ఇనుము–నికెలు తీగపై రాగిపూత వేసి వాడిరి. పిక్చర్ ట్యూబులోను గాజును ఛేదించి పోవు ప్రతి లోహపు ముక్కను ఇట్లే ఏరి కూర్చిరి. ఎదుటి పలక, వెనుకటి గరాటు, మెడ అను మూడును మూడు రకముల గాజు. ఎక్స్-కిరణములు వెలికి రాకుండుటకు గరాటులోను, మెడలోను సీసము కలుపుదురు. పదార్థములు వేరైనను సాగుదల మాత్రము ఒక్కటిగా నుండునట్లు వానిని వండుదురు. పలకను, గరాటును అతుకుటకు మరియొక గాజుపొడిని ముద్దగా పూసి, సుమారు 440 డిగ్రీల కొలిమిలో నుంచి, మెల్లమెల్లగా చల్లార్తురు. తొందరపడి చల్లార్చిన గొట్టము పగులును.

చివరకు గొట్టములోని గాలిని తోడివేయుదురు. అప్పుడు బయటి గాలి ప్రతి చదరపు సెంటిమీటరుపై ఒక కిలోగ్రాము బరువుతో నొక్కును. 40 సెంటిమీటర్ల వెడల్పు, 30 సెంటిమీటర్ల ఎత్తుగల తెరపై ఆ బరువు 1200 కిలోలు. గాజు లోపలికి కూలి పెంకులు వెలుపలికి చిమ్మకుండుటకు ఏమి చేయుదురో వినుడు: తెర చుట్టుకొలత కన్న కొంచెము చిన్నదైన ఉక్కుపట్టాను కాల్చి, సాగినపుడు తెర చుట్టును తొడిగి, చల్లారనిత్తురు. అది ముడుచుకొని గాజును బిగించును. మీటరున్నర పట్టా 400 డిగ్రీలు వేడెక్కినచో సాగునది 7 మిల్లీమీటర్లు. మన కమ్మరి బండిచక్రమునకు చేసినదియు ఇదే కదా! ఏ వ్యత్యాసము లోపల రంగులను చెడగొట్టెనో, అదే వ్యత్యాసము వెలుపల కావలి కాచుచున్నది.

మన రాష్ట్రపు పల్లెలకు టెలివిజను 1975–76లో ఉపగ్రహ బోధన ప్రయోగము ద్వారా వచ్చెను. ఆరు రాష్ట్రములలోని 2400 గ్రామములలో ఆంధ్రప్రదేశ్ గ్రామములును ఉండెను. దేశములో రంగుల ప్రసారములు 1982లో ఆరంభమయ్యెను. ఇప్పుడు చదును తెరలు వచ్చి గాజుగొట్టముల తయారీ దాదాపుగా నిలిచిపోయినది. కాని సమస్య నిలిచిపోలేదు. ఓర్వకల్లు, గడివేముల మండలములలో 1000 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రమున్నది. అచ్చటి పలకలలో గాజు, సిలికాను, రాగిపట్టీలు కలిసియున్నవి. మీటరునకు, 100 డిగ్రీలకు సిలికాను 0.26 మిల్లీమీటరు సాగగా రాగి 1.7 మిల్లీమీటర్లు సాగును. ప్రతి పగలు సాగి, ప్రతి రాత్రి ముడుచుకొనుచు ఏండ్ల తరబడి అతుకులు నిలువవలెను. అందుకే అట్టి పలకల నమూనాలను మైనస్ 40 నుండి 85 డిగ్రీల వరకు 200 మారులు మార్చి పరీక్షింతురు. మన పిల్లలలో ఎవరైన రేపు ఆ కేంద్రములో పనికి పోయినచో ఈ పాఠమే వారికి అక్కరకు వచ్చును.

ఇక సభ్యులు అడిగిన ప్రశ్న. ఆ గొట్టమును పగులగొట్టరాదని నా మనవి. పట్టా కోసినను, మెడ విరిచినను పెంకులు కన్నులకు తగులు ప్రమాదము కలదు. గాజులో సీసమున్నది, రంగుపొడులు గాలిలో కలిసిన ఊపిరితిత్తులకు చేటు. పగిలిన పెంకులు చెరువుగట్టుననో, చేనిలోనో పడినచో పిల్లల పాదములకును, నేలకును హాని. ప్రభుత్వము 2022లో వెలువరించిన ఈ-వ్యర్థముల నిర్వహణ నియమముల ప్రకారము నమోదైన పునర్వినియోగదారులకు పెట్టెను పెట్టెగానే అప్పగించుట మేలు. మీ మీ ఇండ్ల అటకలపై నున్నవానిని గూడ అట్లే చేయుడు. పాత సామానుల వర్తకునికిచ్చి, అతని పిల్లలచేత సుత్తితో కొట్టింపకుడు.

అందువలన గ్రంథాలయమునకు రావలసిన కొద్ది సొమ్ము తగ్గునందురా, ఆ మేరకు విజ్ఞానశాస్త్ర గ్రంథములను నేనే సమర్పించుకొందును.